ఇసక ఎండినాదా, నర్సమ్మా?

భయపడే వెల్డర్‌ను నేను నా జన్మలో ఒక్కరినే చూశాను. మిగతావాళ్ళంతా కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టేసి, బీడీ కూడా వెల్డింగ్ మంటతోనే వెలిగించుకునే రకం. ఈయన మాత్రం గ్యాస్ టార్చి వెలిగించే ముందు చుట్టూ ఉన్నవాళ్ళ కాళ్ళకేసి చూసేవారు. ఎవరైనా చెప్పులతో కనిపిస్తే, "బూట్లేసుకుని రా బాబూ, నాకు బయం" అనేవారు. మనం మన పేరు చెప్పుకున్నంత మామూలుగా ఉండేది ఆ మాట. సిగ్గూ లేదు, దాపరికమూ లేదు.

ఈ ఏప్రిల్‌లో ఆయన పోయారు. గుండెపోటట. ఢిల్లీ పక్క సూరజ్‌పూర్‌లో ఆయన షెడ్డు పక్కనున్న టీ కొట్టు భయ్యా ఫోన్ చేసి చెప్పేసరికే వాళ్ళవాళ్ళు వచ్చి అనకాపల్లి దగ్గర సొంతూరికి తీసుకెళ్ళిపోయారు. ఆఖరి చూపు దక్కలేదు. అది దక్కకపోయినా సర్దుకునేదాన్ని. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి రెండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. దానికే ఇప్పుడు నిద్ర పట్టడం లేదు.

నేను గ్రేటర్ నోయిడాలో ఒక ఆసుపత్రిలో ఎమర్జెన్సీ నర్సుని. అందుకే ఆయనకు నర్సమ్మని. మాది నరసాపురం. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి ఆదివారం వచ్చేసరికి ఏదో ఒక ప్రమాదం కావాలి. మోటార్ సైకిల్ కొన్నప్పుడు రెండు రోజులు ఏడ్చాను. రెండేళ్ళ క్రితం డిసెంబర్‌లో ఆయన వేలంలో ఒక పికప్ బండి కొన్నప్పుడు మాత్రం ఏడుపు కూడా రాలేదు. దాని ముందు భాగం నుజ్జునుజ్జయి ఉంది. పైకప్పు స్టీరింగ్ దాకా దిగిపోయింది. రోజూ యాక్సిడెంట్ కేసులు చూసేదాన్ని కదా, నాకు బండి బండిలా కనిపించదు. ఆ స్టీరింగ్ చూడగానే ఛాతీలో ఏ ఎముకలు విరిగుంటాయో లెక్క మొదలైపోయింది.

"దీన్నేం చేసుకుంటారండీ?"

"బగ్గీ చేస్తా."

రేకంతా కోసి పారేసి ఇంజనూ, గేరుబాక్సూ, చక్రాలూ మాత్రం ఉంచుతారట. వాటి చుట్టూ ఇనప పైపులతో పంజరం కడతారట. తలుపులుండవు, అద్దాలుండవు. రోడ్డెక్కించడానికి వీల్లేదు కాబట్టి లారీ మీద వేసుకెళ్ళి, ఆరావళి కొండల కింద ఎవరిదో పొలంలో రాళ్ళ మీదా గుంతల్లోనూ తోలతారట.

"బోల్తా పడితే?"

"పడుతుంది. అందుకేగా పైపులు!" అన్నారు మా ఆయన, పండక్కి కొత్త చొక్కా కొనుక్కున్నంత సంబరంగా.

చర్చిలో ఎవరో చెబితే ఆయన షెడ్డుకు వెళ్ళాం. వైజాగ్ షిప్‌యార్డులో పైపుల పని చేసిన తెలుగాయన అన్నారు. అరవై దాటి ఉంటాయి. బక్కగా, పొడుగ్గా, మెడ కాస్త ముందుకు వంగి ఉండేవారు. చేతులు వెనక్కి కట్టుకుని పికప్ చుట్టూ మూడుసార్లు తిరిగారు. ముట్టుకోలేదు.

"ఇందులో కూకున్నోడు ఏటయ్యాడు?"

"తెలీదు అంకుల్. వేలంలో కొన్నాను."

"తెలుసుకోకుండానే కొనీసావా?"

"దాంతో మనకేం పని అంకుల్?"

"మనిషికి ఎక్కడ తగిలినాదో తెలిస్తే కదా, ముందు అక్కడ పైపు ఆలోసిస్తాం. నాకు బయం బాబూ."

మా ఆయన నా వైపు చూసి కన్ను గీటారు. నాకు మాత్రం ఆ పెద్దాయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. ఇంత పెద్ద ఢిల్లీలో నాతో కలిసి భయపడే మనిషి ఒకరు దొరికారు.

ఆయన పని తీరే వేరు. జేబులో ఎప్పుడూ సుద్దముక్క ఉండేది. రెండు పైపులు కలిపి వెల్డింగ్ చేశాక, ఆ అతుకు చుట్టూ సుద్దతో ఒక సున్నా చుట్టేవారు. అంటే అక్కడ ఇంకా భయం ఉందని. చల్లారాక చిన్న సుత్తితో కొట్టి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. మోత ఖంగుమంటే బొటనవేలితో సుద్ద చెరిపేసేవారు. మొద్దుగా పలికితే సున్నా ఉండిపోయేది, మర్నాడు దాన్ని కోసి మళ్ళీ అతికేవారు. సాయంత్రం మా ఆయన ఫోన్ చేసి "ఎంతవరకొచ్చింది అంకుల్?" అంటే, "ఇంకా నాలుగు బయాలున్నాయి" అని జవాబు వచ్చేది.

ఒకసారి భోజనానికి పిలిచాం. మాది తొమ్మిదో అంతస్తు. లిఫ్టు ఎక్కనంటే ఎక్కనని మెట్ల మీదే వచ్చారు. వచ్చీరాగానే కూర్చోకుండా వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ రెగ్యులేటర్ వాసన చూశారు. చేపల పులుసు తింటూ "ఓపాలి షిప్‌యార్డులో..." అని మొదలుపెట్టి ఆగిపోయారు. మళ్ళీ ముద్ద కలుపుకున్నారు. ఆ మాట అలా మొదలుపెట్టి ఆగిపోవడం నేను నాలుగైదుసార్లు చూశాను. ఆ తర్వాత ఏం జరిగిందో మాకెవరికీ తెలీదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఇక ఇసక సంగతికి వస్తాను. రాకుండా ఎంతసేపని తప్పించుకుంటాను!

పైపును ఊరికే వంచితే మలుపు దగ్గర చదునుగా నొక్కుకుపోతుంది. అందుకని పైపు నిండా ఇసక కూరి, రెండు మూతులకూ చెక్క బిరడాలు దిగ్గొట్టి, మలుపు రావాల్సినచోట ఎర్రగా కాల్చి వంచుతారు. మెషీన్ మీద వంచిద్దామని మా ఆయన పోరు పెట్టారు. "మెషీన్ మీదైతే బయట పక్క పల్సనైపోతాది, నాకు బయం" అని అంకుల్ ఒప్పుకోలేదు. అయితే ఈ పద్ధతిలో ఇసకకు తడి తగలకూడదు. తడి ఉంటే లోపల ఆవిరైపోయి, బయటికి దారి లేక, పైపు కాస్తా తుపాకీ అయి కూర్చుంటుంది. అందుకే ఆయన ముందు ఇసకను ఇనప బాండీలో వేయించేవారు. మా అమ్మ సున్నుండలకు మినపప్పు వేయించినంత ఓపిగ్గా వేయించి, పిడికెడు తీసి చెంపకు ఆనించుకుని చూసేవారు.

జనవరిలో ఇసక అయిపోయింది. "సుబ్బరమైన ఇసక తే బాబూ, మట్టుండకూడదు" అన్నారాయన. జల్లెడ పట్టింది తెమ్మని అర్థం. మా ఆయన సొసైటీ పక్కన కడుతున్న బిల్డింగ్ వాళ్ళనడిగి రెండు బస్తాలు తెచ్చి, "అంకుల్‌కి శుభ్రమైనది కావాలట" అని బాల్కనీలో పడేసి ఆఫీసుకు వెళ్ళిపోయారు. శుభ్రం అనే మాట నర్సు చెవిన పడితే ఏమవుతుంది? కడిగేశాను. బకెట్లో పోసి, బియ్యం కడిగినట్టు ఆరేడు నీళ్ళు మార్చి, తేటనీళ్ళు వచ్చేదాకా కడిగి, పాత దుప్పటి మీద ఆరబోశాను. తడి కూడదని నాకు తెలుసు. ఎండబెడితే ఎండదా అనుకున్నాను. నరసాపురం ఎండ లెక్క అది! ఢిల్లీ జనవరిలో ఎండెక్కడిది? పొగమంచులో ఎదురు టవరే కనిపించడం లేదు.

మూడో రోజు పొద్దున మా ఆయన ఖాళీ బస్తా పట్టుకొచ్చి నిలబడ్డారు. ఆ రోజు పైపులు వంచాలని సెలవు పెట్టారు. ప్రతి నెలాఖరుకూ కొండల దగ్గర వాళ్ళ బగ్గీలవాళ్ళంతా కలుస్తారు, ఆ కలయికకు బగ్గీ సిద్ధం కావాలి.

"ఇంకా ఎండలేదండీ."

"పైన చూడు, పొడిపొడిగానే ఉందిగా. ఎలాగూ అంకుల్ వేయిస్తారులే."

అడుగున చెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలింది. అది తడో, చలో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోవాలని గట్టిగా అనుకోనూ లేదు. బస్తాలోకి ఎత్తేశాను.

ఇద్దరం షెడ్డుకు వెళ్ళాం. సంగతి విని అంకుల్ నవ్వారు. ఆయన నవ్వగా చూడ్డం అదే మొదలు. "ఇసకని కడిగీసావా! నర్సమ్మా!" అని పొట్ట పట్టుకున్నారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"ఎండినాదా, నర్సమ్మా?"

"ఎండింది అంకుల్."

"ఎన్నాళ్ళు ఆరబెట్టినావు? పూర్తిగా ఎండినాదా?"

"మూడు రోజులు. పూర్తిగా ఎండింది."

ఒకటిన్నర రోజు. ఆయన పిడికెడు తీసి చెంపకు ఆనించుకున్నారు. "సల్లగా ఉన్నాది" అన్నారు. "చలికాలం కదా అంకుల్, అన్నీ చల్లగానే ఉన్నాయి" అన్నాను. ఆయన గ్యాస్ సిలిండర్‌ను కాస్త పైకెత్తి, బరువు చూసి దించారు. వేయించడానికీ వంచడానికీ రెంటికీ చాలదట, కొత్తది రేపు వస్తుందట. మా ఆయన వాచీ చూసుకున్నారు.

"నిజంగా ఎండినాదా అమ్మా?"

"ఎండింది."

మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అబద్ధమే చెప్పాను. చర్చిలో పెరిగిన పిల్లని, ప్రభువును ఎరగనని శిష్యుడు మూడుసార్లు బొంకిన కథ నాకు తెలియంది కాదు. ఎందుకు చెప్పానా అని వెయ్యిసార్లు ఆలోచించుకున్నాను. పెద్ద కారణమేమీ లేదు. అంత కష్టపడి కడిగిన ఇసకను ఎవరైనా పనికిరాదంటే వినడం ఇష్టం లేకపోయింది. మా ఆయన ముఖం మాడ్చుకుంటే చూడటం ఇష్టం లేకపోయింది. అంతే. ఛీ!

"నర్సమ్మ సెప్పినాదంటే సరే" అని ఆయన ఇసక పోయించారు.

అయినా అలవాటు మానలేదు. "పైపు మూతికి ఎదురుగా ఎవులూ ఉండొద్దు" అని టార్చి వెలిగించారు. మా ఆయన సరిగ్గా ఎదురుగా నిలబడి ఫోన్లో వీడియో తీస్తున్నారు. అంకుల్ వెలిగించిన టార్చిని ఆర్పేసి, కింద పెట్టి, వచ్చి ఆయన భుజం పట్టుకుని పక్కకు నడిపించారు. "వీడియో ఇటునుంచి తీసుకో బాబూ. నాకు బయం."

మళ్ళీ వెలిగించారు. పైపు ఎరుపెక్కడం మొదలైంది. ఇప్పుడు చెప్పెయ్యి, ఇప్పుడైనా చెప్పెయ్యి అని లోపల ఒకటే గోల. ఆపండి అంటే చాలు, ఆపేసేవారే. అనలేదు.

ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పలేను. చప్పుడుకంటే ముందు గాలి కొట్టింది. బిరడా షెడ్డు రేకులోంచి దూసుకుపోయి అవతలి గోడకు తగిలి పడింది. రేకులో పిడికిలంత కన్నం. మా ఆయన అంతకుముందు నిలబడ్డచోట, ఆయన ఛాతీ ఎత్తులో.

అంకుల్ మెల్లగా గొంతుక్కూర్చున్నారు. మూతికి దగ్గరగా ఉన్నది ఎడమ చెవి. దాన్ని మూసుకున్న వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ఆయన అడిగిన మొదటి మాట, "బాబేడీ?"

"ఇక్కడే ఉన్నాను అంకుల్! అసలేం జరిగింది?"

"నాదే తప్పు. ఏయించకుండా పోసీసాను. బయం మర్సిపోయాను."

నేను ఆయన పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని చెవికి దూది అద్దుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. నోరు మాత్రం తెరుచుకోలేదు.

కర్ణభేరి చిరిగిందన్నారు మా ఆసుపత్రిలో. నెలలు గడిచినా ఎడమ చెవి తిరిగి రాలేదు. పైగా అందులో ఎప్పుడూ కీచుమని ఒకటే మోత. ఆ మోతలో కుడి చెవితో విన్నా అతుకుల్లో సన్న తేడా తెలియడం లేదన్నారు. ఇంకొకరైతే పని అక్కడితో ఆపేసేవారు. ఈయన ఒకరోజు నన్ను పిలిచారు.

"నువ్వు గుండె సప్పుళ్ళు ఇంటావు కదా నర్సమ్మా. ఆ గొట్టం తెచ్చి ఇది కూడా ఇను."

స్టెతస్కోప్! అలా నేను ఆయన చెవినయ్యాను. డ్యూటీ దిగి యూనిఫాంలోనే షెడ్డుకు వెళ్ళేదాన్ని. ఆయన సుత్తితో కొట్టేవారు, నేను పైపు మీద స్టెత్ ఆనించి వినేదాన్ని. "బయం పోయిందా?" అని అడిగేవారు. నేను పోయిందంటేనే సుద్ద చెరిపేవారు. నా మాట నమ్మి చెవి పోగొట్టుకున్న మనిషి మళ్ళీ నా మాటే అడుగుతున్నాడు. ఆ పంజరంలో కూర్చోబోయేది నా మొగుడు. ఒక్కో అతుకు దగ్గరా నా గుండె చప్పుడే ఎక్కువ వినిపించేది. రెండుసార్లు, మూడుసార్లు కొట్టించుకునేదాన్ని. ఆయన విసుక్కునేవారు కారు.

ఆఖరి రోజు. బగ్గీలవాళ్ళ కలయికకు మర్నాడు లారీ వస్తుంది. సీటు వెనక, సరిగ్గా మా ఆయన తల ఆనేచోట ఉన్న అతుకు నాకు మొద్దుగా వినిపించింది. మళ్ళీ విన్నాను. అనుమానమే.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదే! ఇప్పుడు కోస్తే రేపటికి అవదు" అన్నారు మా ఆయన. మళ్ళీ అదే వాచీ, అదే ముఖం.

"నాకు భయంగా ఉంది అంకుల్" అన్నాను.

ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. సున్నాను ఇంకోసారి దిద్ది, గ్రైండర్ అందుకున్నారు. మా ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయారు. కోసి చూస్తే లోపల ఏమీ లేదు. వెన్నముద్దలా నున్నగా, నిండుగా ఉంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"సారీ అంకుల్. బాగున్నదాన్ని కోయించాను."

"సారీ ఎందుకమ్మా? బయమేసినాదని సెప్పినావు. ఇంకేటి కావాల?"

ఆయన మళ్ళీ అతికి, చల్లారేదాకా స్టూలు మీద కూర్చున్నారు. షెడ్డులో ఇద్దరమే ఉన్నాం. చెప్పెయ్యాలనుకున్నాను. లేచి దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి ఏ పక్క నిలబడ్డానో తెలుసా? ఎడమ పక్క. నాకు తెలిసే నిలబడ్డాను.

"ఆ రోజు ఇసక ఎండలేదు అంకుల్. నాకు తెలిసే ఎండిందన్నాను."

ఆయన అతుకు వైపే చూస్తున్నారు. కాసేపటికి నా పెదవులు కదిలినట్టు అనిపించిందేమో, తల మొత్తం ఇటు తిప్పి కుడి చెవి నాకేసి పెట్టారు.

"ఏటన్నావమ్మా?"

"టీ తెమ్మంటారా అన్నాను."

"తే."

మళ్ళీ అతికేసరికి ఆ నెల కలయిక తప్పిపోయింది, తర్వాతి నెల దానికి వెళ్ళాం. అంకుల్ కూడా లారీలో వచ్చారు గానీ చూడలేక అటు తిరిగి కూర్చున్నారు. జరిగేది నేను ఆయన కుడి చెవిలో చెబుతున్నాను. "రాయి ఎక్కుతున్నారు... ఎక్కేశారు... అయ్యో దేవా!" బగ్గీ రాయి మీద ఒరిగి, రెండు పల్టీలు కొట్టి తలకిందులుగా ఆగింది. అంకుల్ వెనక్కి తిరక్కుండానే అడిగారు, "పంజరం నిలబడినాదా?" దుమ్ము తగ్గాక చూశాను. పంజరం నిలబడింది. లోపల మా ఆయన బెల్టులకు గబ్బిలంలా వేలాడుతూ నవ్వుతున్నారు. అప్పుడు వెళ్ళారు అంకుల్. ముందు ఆ సీటు వెనక అతుకు తడిమారు. తర్వాత మా ఆయన చెంప తడిమారు.

ఆ తర్వాత అప్పుడప్పుడు ఫోన్లు చేసుకునేవాళ్ళం. "గ్యాస్ కట్టేసినావా అమ్మా?" అని అడిగేవారు. కుడి చెవితోనే మాట్లాడేవారు కదా, ఫోన్లో అయినా చెప్పొచ్చు. ఈసారి చెబుదాం, వచ్చే నెల చెబుదాం అనుకుంటూనే ఏప్రిల్ వచ్చేసింది.

పోయిన వారం మా ఆయన స్నేహితుడొకరు ఇంకో దెబ్బతిన్న పికప్ తెచ్చారు. షెడ్డును ఇప్పుడు బీహార్ నుంచి వచ్చిన ఒక వెల్డర్ నడుపుతున్నాడు. పాతికేళ్ళుంటాయేమో, చురుకైన మనిషి. మా ఆయన అంకుల్ పద్ధతినే వంచాలని పట్టుబట్టి, ఇసక నా చేతే ఎండబెట్టించారు. ఈసారి కడగలేదు. జూన్ ఎండలో నాలుగు రోజులు మేడ మీద ఆరబోశాను. కాలు పెడితే బొబ్బలెక్కేలా ఉంది. బస్తా దింపగానే వెల్డర్ మాటవరసకు అడిగాడు.

"రేత్ సూఖీ హై నా, దీదీ?" ఇసక ఎండింది కదా అక్కా, అని.

"హాఁ హాఁ, ఏక్‌దమ్" అన్నారు మా ఆయన నాకు బదులు, పూర్తిగా ఎండిందన్నట్టు.

"నహీఁ భయ్యా" అన్నాను. "సూఖీ నహీఁ హై." ఎండలేదు, బాండీలో వేయించాలి, అని.

"ఏంటే, నాలుగు రోజులు నిప్పుల్లో ఉంది కదా!"

"ఆ రోజు ఇసక సంగతి చెప్తున్నానండీ. అంకుల్ చెవి పోయిన రోజు. అది ఎండలేదు. అడుగున చెయ్యి పెట్టి చూశాను, తెలిసే చెప్పాను. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఎండిందన్నాను."

మా ఆయన నాకేసి చూశారు. తర్వాత రేకు దగ్గరికి వెళ్ళారు. ఆ కన్నం ఇంకా అలాగే ఉంది, అందులోంచి ఎండ పడుతోంది. దాని ముందు నిలబడి చూశారు. వెలుగు ఆయన చొక్కా జేబు మీద పడింది. తిరిగొచ్చి ఇనప బాండీ తీసుకుని, వెల్డర్ చేతికివ్వకుండా తనే పొయ్యి మీద పెట్టారు.

ఇసక వేగుతుంటే నేను పిడికెడు తీసి చెంపకు ఆనించుకున్నాను. చుర్రుమంది. అయినా ఇంకాసేపు వేయించమన్నాను.